కాలవ గట్టు మీద అలక

నేను ఎనిమిదో తరగతి వరకు చదివానని అందరూ అంటారు. అది పొగడ్త. ఎనిమిదో తరగతిలో కూర్చున్నాను, అంతవరకే నిజం. నేను బడి మానేసిన రోజున మా లెక్కల మేష్టారు గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటివాణ్ణి పట్టుకుని ఒక నియోజకవర్గం మొత్తం, చట్టాలు చేసుకు రమ్మని శాసనసభకి పంపించింది. నామినేషన్ కాగితాల్లో విద్యార్హత అన్న చోట ఏం రాయాలో తెలీక మా వకీలు మొహం చూశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఉన్నదే రాద్దామండీ, సిరా కూడా మిగులుతుంది" అన్నాడు.

ఐదేళ్లు ఎమ్మెల్యేగా చేశాను. ఒకసారి గెలిచాను, ఒకసారి ఓడాను, ఆ లెక్క మాత్రం సరిగ్గా వచ్చింది. శిలాఫలకాల మీద నా పేరు చాలా చోట్ల చెక్కారు, కొన్నిచోట్ల తప్పుల్లేకుండా కూడా చెక్కారు. రోడ్లేశాను, బడిగదులు కట్టించాను, పెళ్లిళ్లలో అక్షింతలు వేసి వేసి కుడి భుజం గూడు జారింది. అవన్నీ నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడు. కాని నేనే చేశానని ఛాతీ విరుచుకుని చెప్పుకునే పని ఒకటుంది. దానికి శిలాఫలకం లేదు. అది అసెంబ్లీలో నిలబడి చేసింది కాదు. మా అత్తవారి ఊళ్లో నులకమంచం మీద కూర్చుని చేసింది.

బడి మానేశాక మా నాన్న నన్ను ఎడ్లబండి ఎక్కించాడు. గోగునార మోపులు వేసుకుని నెల్లిమర్ల జూట్‌మిల్లుకి తోలేవాణ్ణి. గేటు దగ్గర బళ్లన్నీ వరసగా ఆగేవి. ఎండ, ఈగలు, విసుగు. ఆ విసుగులో బండివాళ్లు ఒకళ్లనొకళ్లు కొట్టుకోకుండా నవ్వించడం నా పని అయిపోయింది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే ఎత్తుకున్నాను. రాజకీయం నాకు అక్కడే అబ్బింది. తరవాత ట్రాక్టరు, ఆ తరవాత ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం, ఆ తరవాత సర్పంచి పదవి. టికెట్టు సంగతికొస్తే, మా పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు దానికోసం పట్టుబట్టారు. ఒకరికిస్తే రెండోవారు ఊరుకోరు. ఓడిపోయేవాడెవణ్ణయినా నిలబెడితే ఇద్దరూ చల్లబడతారని నన్ను నిలబెట్టారు. నేను గెలిచిన రోజు ఆ ఇద్దరూ మొదటిసారి ఒకే కారులో ఇంటికెళ్లారు, బాధ పంచుకోడానికి.

ప్రచారంలో తిరుగుతూ కాలవ చిట్టచివర ఉన్న ఊరికి వెళ్లాను. దాన్ని మావేపు శివారు ఊరు అంటాం. నది దగ్గర మొదలైన కాలవ ఊరూరా నీళ్లు పంచుకుంటూ వచ్చి ఆఖరికి అక్కడ ముగియాలి. కాలవైతే ముగిసింది. నీళ్లు మాత్రం ఏనాడూ అంతదూరం నడవలేదు. అక్కడ దండలూ లేవు, హారతీ లేదు. ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. ఊళ్లో ఉభాలకి, అంటే వరినాట్లకి, దిగే కూలీలందరికీ ఆవిడే మేస్త్రి, నాట్లకి ఏ మడిలో ఎవరు దిగాలో ఆవిడ నోరే చెప్పాలి. ఆ నోటికి మైకు అవసరం లేదు. నన్ను చెయ్యి పట్టుకుని కాలవ గట్టు మీదకి తీసుకెళ్లింది.

"ఓట్లకొచ్చినోలందరికీ ఈ కాలవ సూపించడం మా ఆనవాయితీ బాబూ. సూడు. మా పిల్లగుంటలు ఇందులో కిరికెట్టాడతారు. నీల్లొస్తే ఆట పోతాదని ఆలకి బెంగ. బెంగెట్టుకోకండర్రా, ఇంకా సేనా ఎలచ్చన్లు అవ్వాలి అని సెప్పేను."

నిజంగానే కాలవ అడుగున మూడు కర్రలు పాతి ఉన్నాయి. నేను కూడా ఊరుకునే రకం కాదు. "ఈ ఆట నేను ఆపించీస్తానమ్మా. గెలిస్తే మొదటి పంటకే నీళ్లు. రాకపోతే నా మొకం మీకు మళ్లీ సూపించను" అన్నాను.

"నీ మొకం మాకెందుకు బాబూ? నీల్లు సూపించు" అంది. నా వెనకున్న మావాళ్లే ముందు నవ్వారు.

గెలిచాను. అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ కాలవ గురించే అడిగాను. రాత్రంతా పాఠం అప్పజెప్పినట్టు నేర్చుకున్న మాటలు లేచి నిలబడగానే ఎగిరిపోయాయి. మా వేపు ఈడు కలిసిన ప్రతి మగాడూ బావే. కండక్టరు బావ, కల్లు గీసేవాడు బావ, కొట్లాడేవాడు కూడా బావే. ఆ అలవాటున నీటిపారుదల మంత్రిగారి వేపు చెయ్యి చూపించి, "మరేటి బావా, మా శివారు ఊళ్లకి నీళ్లెప్పుడిస్తారు?" అనేశాను. సభంతా గొల్లుమంది. అధ్యక్షులవారు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు.

మంత్రిగారు సరసుడు. "గౌరవ సభ్యులు వియ్యం కలిపినందుకు సంతోషం అధ్యక్షా. కాని నాకున్న సమాచారం ప్రకారం ఆ కాలవ కింద చివరి ఎకరం దాకా నీరు అందుతోంది" అన్నారు.

అప్పటికి నాకు భయం పోయింది. నవ్వినవాళ్లంటే నాకు ఎప్పుడూ భయం లేదు. "అధ్యక్షా, కాగితం మీద మా కాలవ ఎప్పుడూ తడిగానే ఉంటాది. ఆ తడికి కాగితం చిరిగిపోతాదేమోనని నా బెంగ. మంత్రిగారు ఒక్కసారి వచ్చి ఆ కాలవలో దిగాలి. పంచె ఎత్తక్కర్లేదు, చెప్పులు విప్పక్కర్లేదు, మా పిల్లలు బంతి కూడా వేస్తారు, బ్యాటు తెచ్చుకుంటే చాలు" అన్నాను. ఈసారి మంత్రిగారే ముందు నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. ఆ ఖరీఫ్‌లో నీళ్లు వదలగానే ఒక ఇంజనీరుగారిని నాతో పంపించారు, మొదలు నుంచి చివరదాకా నడిచి చూడమని.

నడిచాం. మొదట్లో కాలవ నిండుగా, గట్టు ఒరుసుకుని పారుతోంది. ఊళ్లు దాటాం, తూములు దాటాం. ఒక ఊరు చివర ఇసక బస్తాలు, తాటి దుంగలు, ఎండుగడ్డి, బంకమట్టి కలిపి కాలవకి అడ్డంగా దిట్టమైన కట్ట వేసి ఉంది. కట్టకి ఇవతల గేదెలు మునకలేస్తున్నాయి. అవతల బల్లులు పరిగెడుతున్నాయి. ఇంజనీరుగారు మ్యాపు తీసి ఊరి పేరు చూసి, నా వేపు చూసి, మళ్లీ మ్యాపు మడిచేశారు.

"మొహమాటపడకండి సార్. నా పెళ్లి ఈ ఊళ్లోనే అయింది" అన్నాను.

అది మా ఆవిడ పుట్టిన ఊరు. కట్ట వేయించింది ఆవిడ అన్నగారు, నాకు బావ. ఊరి పెద్ద, మంచి రైతు, నా ఎన్నికల్లో పగలనక రాత్రనక తిరిగినవాడు. ఆ ఊరు ఊరంతా నాకు ఓటేసింది. ఇంజనీరుగారు పక్కకి పిలిచి మెల్లిగా చెప్పారు: "తీయించమంటే తీయిస్తాను సార్. పోలీసు బందోబస్తు ఇప్పించండి."

శివారు ఊరికి వెళ్లాను. వానలు ముఖం చాటేశాయి. ఆకుమళ్లలో నారు పసుపుపచ్చగా తిరిగింది. ఆ పెద్దావిడ ఒక మొక్క పీకి నా అరచేతిలో పెట్టింది. కొసలు ఎండుగడ్డిలా గరగరలాడాయి. ఆవిడ ఈసారి నవ్వించలేదు.

"ఇంకో వారం బాబూ. ఆ తరవాత నీల్లొచ్చినా ఇది ఆవులకి మేతే. ఉభాలు నేకపోతే కూలి నేదు. కూలి నేకపోతే సగం ఊరు టేసనుకెళ్లి రైలెక్కాల. పోనేడు ఎలిపోనోల్లే ఇంకా రానేదు."

ఆ మొక్కని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. భోజనం దగ్గర మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి చూసింది. రైతు ఇంటి ఆడపిల్ల, చెప్పక్కర్లేదు.

"పోలీసుల్ని పంపమంటన్నారు" అన్నాను.

"పంపు. పగలు తీస్తారు, ఆలు అటు ఎల్లగానే మావోలు మల్లా కట్టీసుకుంటారు. మా ఊరు నాకు తెలీదేటి? మావోల్లంతట మావోలు తియ్యాల."

"ఎలా తీస్తారు? మీ అన్నియ్యని అడిగేను. మా పొలాలు మెరక, కట్ట నేకపోతే మా తూములోకి నీరెక్కదు అన్నాడు. అదీ నిజమే. ఇంక ఎలాగడగాలి?"

"పెళ్లిలో సైకిలు కోసం మూతి ముడుసుకుని మంచమెక్కి కూకున్న మనిసివి. అడగడం నేను నేర్పాలేటి నీకు?"

ఆవిడ వెటకారానికే అంది. పులుసు వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం అన్నం కలపడం ఆపేశాను.

తెలియనివారికి చెప్పాలి. మా వేపు పెళ్లిలో కొత్త అల్లుడు అలగడం ఒక తంతు. మంచం మీద కూర్చుని ముఖం తిప్పుకుంటాడు. పెళ్లికూతురు అన్నో తమ్ముడో వచ్చి ఏం కావాలో అడిగి, ఇచ్చి, చెయ్యి పట్టుకుని లేపాలి. అందాకా అల్లుడు ఆ ఇంట మెతుకు ముట్టడు. అల్లుడు అలక తీరకుండా వెళ్లిపోతే ఆ తలవంపు ఒక్క ఇంటిది కాదు, ఊరిది. ఎందుకంటే పెళ్లయ్యాక మగాడికి అత్తవారి ఊళ్లో ప్రతి గడపా అత్తవారిల్లే.

తెల్లారగానే కారెక్కాను. గన్‌మేన్‌ని బజార్లో టీ దుకాణం దగ్గర దింపేశాను. పార్టీ కండువా కారులోనే వదిలేశాను. బయల్దేరేముందే పెళ్లినాటి జరీపంచె మా ఆవిడ పెట్టెలోంచి తీసి కట్టుకున్నాను. నడుం దగ్గర అది నన్ను గుర్తుపట్టలేదు, ఎలాగో సర్దుకున్నాం. కాలవ పక్కింట్లో నులకమంచం అడిగి, సరిగ్గా ఆ కట్ట ఎదురుగా గట్టు మీద వేసుకుని, కాళ్లు ముడుచుకుని, ముఖం పక్కకి తిప్పుకుని కూర్చున్నాను.

ముందు పశువులు తోలుకెళ్లే ముసలాయన వచ్చాడు. "ఏటి అల్లుడూ, ఇక్కడ కూకున్నావు?"

"అలిగేను మావా."

ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, పశువుల్ని అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తాడు. కాసేపటికి గట్టు నిండిపోయింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తారు. గట్టు వెంబడి రోడ్డు మీద బస్సు ఆగితే కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. డ్రైవరు హారను కొట్టి, "అలక తీరేదాకా ఉండమంటారేటండీ?" అని అరిచాడు.

మా బావ వచ్చాడు. తలకి తువ్వాలు, చేతిలో పలుగు. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"ఏటి బావా ఈ ఏసం? ఎమ్మెల్యేగా వచ్చేవా, అల్లుడుగా వచ్చేవా? ఎమ్మెల్యేవైతే ఆర్డరు సూపించు. అల్లుడివైతే ఇంటికి రా, అన్నం తిను."

"అల్లుడిగానే వచ్చేను. అందుకే అన్నం ముట్టను."

"నీకు అలిగే వయసేటయ్యా? తాతవైపోనావు."

"అలకకి వయసు నిబంధన ఉందని ఏ చట్టంలోనూ రాయనేదు. నేను శాసనసభలోంచే వస్తన్నాను."

జనం నవ్వారు. బావ నవ్వలేదు. కింద కూర్చుని మట్టి గీస్తూ, "ఏటి కావాల?" అన్నాడు. అడక్క తప్పదు, అడగాల్సినవాడు ఆయనే.

"నీళ్లు."

"కుండతోనా, బిందెతోనా?"

"కాలవతో."

ఆయన లేచి కట్ట మీదకి వెళ్లి నిలబడ్డాడు. ఊరికి చెప్పినట్టు, నాకు కాదన్నట్టు, గట్టిగా అన్నాడు: "మెరక పొలాలు. కట్ట తీస్తే మన తూములోకి బొట్టు ఎక్కదు. నాకు మాత్రం సరదాయేటి కాలవకడ్డం మట్టెయ్యడం? అల్లుడు సైకిలడిగితే ఇచ్చేం. ఇప్పుడు మోటారుబండి అడిగితే అదిస్తాం. పంటడిగితే ఎలాగిస్తాం?"

ఆయన మాటలో అబద్ధం లేదు, అదే చిక్కు. నా జేబులో ఎండిన మొక్క ఉంది. తీసి మంచం మీద పెట్టాను. "మీ నారు తడిసింది బావా. మీ ఉభాలకి ఇంకా రోజులున్నాయి. కింద ఊరి నారు ఇదీ. ముందు ఆలని బతకనీ. ఆ తరవాత వంతులేసుకుందాం. నీళ్లు మీ వంతున్నన్నాళ్లూ కట్ట కట్టుకో, నేనే బస్తాలు మోస్తాను. ఆల వంతున్నన్నాళ్లూ తీసీ. నీరు సులువుగా ఎక్కేలాగ మీ తూము అడుగుమట్టం దింపించే పని నేను ఎమ్మెల్యేగా చూసుకుంటాను. కట్ట తియ్యడం మాత్రం అల్లుడిగా అడుగుతున్నాను."

ఆయన మొక్క వేపు చూశాడు. తీసుకోలేదు. పలుగు భుజాన వేసుకుని ఇంటికెళ్లిపోయాడు.

పొద్దెక్కింది. మా అత్తగారు పళ్లెం పట్టుకుని స్వయంగా వచ్చింది. ఎండురొయ్యలు వంకాయ, వేడన్నం, పక్కన పాకుండలు. ఎండురొయ్యల మీద నా బలహీనత ఆవిడకి పెళ్లినాటి నుంచి తెలుసు. గాలి అటునుంచి ఇటు వీచింది. రాజకీయాల్లో చాలా ప్రలోభాలు చూశానుగాని అంత గట్టిది ఇంకొకటి చూళ్లేదు.

"తిను బాబూ, నా మాట ఇని" అందావిడ.

"ఒద్దత్తా. మీ అబ్బాయి సెయ్యట్టుకుని లేపాల."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. పళ్లెం తీసుకెళ్లలేదు, మంచం పక్కనే పెట్టి వెళ్లింది. అది ఇంకా ఘోరం.

మధ్యాహ్నానికి ఆటో వచ్చి ఆగింది. మా ఆవిడ దిగింది. ఫోన్లలో వీడియో అప్పటికే మా ఊరు చేరిందట. వస్తూనే నన్ను ఉతికేస్తుందనే జనమంతా దారి ఇచ్చారు. నిరాశపరచలేదు.

"ఎండలో తలకి గుడ్డయినా సుట్టుకోనేదు. ఆ పంచె ఎవల్నడిగి కట్టేవు? నా పెట్టె ముట్టుకున్నావా?" అంది. తరవాత అన్నగారి ఇంటి వేపు తిరిగి, అక్కడినుంచే కేకేసింది: "అన్నియ్యా, ఇలాగ్రా!"

బావ వచ్చాడు.

"ఈ మనిసి మా ఇంట్లో అలిగితే నాను పట్టించుకోను. ఇది మీ గుమ్మం. మీ అల్లుడు. సైకిలడిగితే అలక తీర్సినోడివి, మందికోసం నీల్లడిగితే తీర్సవా?"

"నీకు తెలీదేటమ్మా మన పొలం? నువ్వు నాట్లు ఉడిసిన మల్లే కదా."

"తెలుసు. వంతంటన్నాడు కదా. వంతుకి కూడా ఒప్పుకోవా?"

"ఈయేడు వంతంటాడు, వచ్చేయేడు మొత్తం అంటాడు. ఈల మాట నమ్మకమేటి?" అన్నాడు. నన్ను కాదు, ఎమ్మెల్యేలందర్నీ కలిపి అన్నాడు.

మా ఆవిడ చెప్పులు విప్పింది. వచ్చి మంచం రెండో కొసన కూర్చుని, ముఖం అటువేపు తిప్పుకుంది.

అల్లుడు అలగడం అందరూ చూశారు. ఆడపడుచు పుట్టింటి మీద అలిగి గడప బయట కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూళ్లేదు. దానికి తంతు లేదు, సైకిలు లేదు, ఏమిచ్చి లేపాలో పెద్దలకి కూడా తెలీదు. ముసలాయనొకడు, "ఒరే, ఆడపిల్లని ఎండలో కూకోబెడతావేట్రా?" అని బావ మీదకి లేచాడు. ఇంకో ఇద్దరు ఆయనకి వంత పాడారు. వాళ్లందరికీ కూతుళ్లున్నారు, ఏదో ఒక ఊరికి ఇచ్చినవాళ్లే.

బావ తువ్వాలు తీసి మొహం తుడుచుకుని అన్నాడు: "అల్లుడలిగితే సైకిలుతో పోతాది. ఆడపడుచు అలిగితే ఊరిచ్చీసినా సాల్దు. లెగండి ఇద్దరూ."

మా ఇద్దరి చేతులూ పట్టుకుని లేపాడు. పలుగు తీసుకుని తనే కట్ట మీద మొదటి పోటు పొడిచాడు. తాటిదుంగ కదలగానే నీళ్లు తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చాయి. బస్తాలు దొర్లిపోయాయి, గేదెలు బెదిరాయి. ఊరి కుర్రాళ్లంతా దిగి మట్టి లాగేశారు. ఎవరూ పిలవలేదు వాళ్లని. నేను ఆ గోలలోనే చల్లారిపోయిన ఎండురొయ్యల కూర మొత్తం తినేశాను. అంత రుచైన అన్నం ఆ తరవాత ఎక్కడా తినలేదు.

తిని, నీళ్లతో పాటు నడిచాను. ఇది అందరికీ దొరికే భాగ్యం కాదు. పొడికాలవలో నీళ్లు మనిషి నడకకన్నా నెమ్మదిగా వస్తాయి. ముందు నురగ, దాని ముందు ఎండుటాకులు, ఆకుల ముందు చీమలూ తేళ్లూ పరిగెడుతుంటాయి. నెర్రెలు దొరికిన చోటల్లా నీళ్లు ఆగి, తాగి, మళ్లీ కదులుతాయి. దారిలో ప్రతి ఊరివాళ్లూ గట్టుకొచ్చి చూశారు. కొందరు దండం పెట్టింది నాకా, నీళ్లకా అని అడగలేదు. అడిగితే బాగుండేది కాదు. పొద్దువాలేసరికి శివారు ఊరు చేరాం. కాలవలో పిల్లలు ఆడుతున్నారు. బ్యాటు పట్టుకున్నవాడు నీళ్లని చూసి కదల్లేదు. వికెట్ల కర్రలు తేలి పోయినాకే అరుస్తూ గట్టెక్కాడు. పెద్దావిడ తూము దగ్గర నిలబడి, నీళ్లు ఆకుమడిలోకి తిరిగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ నోరు మూతపడ్డం ఊరివాళ్లు కూడా అదే మొదటిసారి చూశారట.

ఆ ఏడాది ఆ ఊరు ఉభాలు చేసింది. రైలెక్కేవాళ్లు తగ్గారు. బావ వాళ్ల తూము అడుగు దింపించడానికి నేను చెప్పులరిగేలా తిరిగాను, దింపించాను. పెద్దలు రెండు ఊళ్లనీ కూర్చోబెట్టి వంతులు రాసుకున్నారు. తరవాతి సమావేశాల్లో మంత్రిగారు నన్ను చూసి, "బావగారూ, ఈసారి మంచం తెచ్చుకోలేదు కదా?" అని పలకరించారు. సభలో నేను చేసిన ప్రసంగాలన్నీ రికార్డుల్లో ఉన్నాయట. అవి ఎవరూ చదవరు, నేనూ చదవలేను. వంతు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. నేను దిగిపోయాను, వంతు దిగిపోలేదు. అది తలుచుకున్నప్పుడల్లా జరీపంచె బిగుతైనట్టు ఛాతీ కూడా బిగుతవుతుంది.

దిగిపోవడమంటే దింపేశారు. తరవాతి ఎన్నికల్లో రాష్ట్రమంతా గాలి ఇంకోవేపు వీచింది, నన్నూ ఎగరేసుకుపోయింది. మా అత్తవారి ఊరు మళ్లీ మొత్తం నాకే వేసింది. శివారు ఊరు చీలిపోయింది. నాకు కోపం రాలేదు. ఓట్లకి అమ్ముకోడానికి నీళ్లు తేలేదు కదా. కాని ఒక మాట అనకుండా ఉండగలిగితే అది నేనెలా అవుతాను?

ఓడిన ఏడాది ఉభాల రోజుల్లో అటువేపు వెళ్లాను. కాలవ నిండుగా ఉంది. పిల్లలు క్రికెట్టుకి వేరే మైదానం చూసుకున్నారు. మళ్లలో ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు, మధ్యలో పెద్దావిడ. గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, పాత ఎమ్మెల్యేకి తగినంత గంభీరంగా అన్నాను: "ఏటమ్మా, అన్నం మానీసి అలిగి నీళ్లు తెచ్చినోణ్ణి ఓడించీసేరు. నాయమేనేటి?"

ఆవిడ నడుం ఎత్తలేదు. చేతిలో నారుకట్ట విప్పుతూనే అంది:

"నువ్వెక్కడ తెచ్చేవు బాబూ? పొద్దుట్నించి నువ్వే కూకున్నావు, కట్ట కదిల్నాదేటి? ఆయమ్మొచ్చి కూకున్నాకే కదా తెగినాది. మాం పోన్లో సూసేం. ఈపాలి ఆయమ్మని నిలబెట్టు, ఊరు ఊరంతా గుద్దీస్తాం. నువ్వు ఎనకాల మంచం మొయ్యి."